బావమరిది అడవి

ఆ చుట్టుపక్కల ఏ భవనంలో లిఫ్టు ఆగిపోయినా ముందు పిలిచేది మెకానిక్‌నే. వారమంతా ఇనుప తాళ్ళకు గ్రీజు పూస్తూ గడిపే ఆ మనిషి, ఆదివారం మధ్యాహ్నం మాత్రం భోజనాల బల్ల తుడిచి, పాచికలు పరిచి, ఒక రాజ్యాన్నే ఏలేవాడు. ఆ ఆటలో ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు తలో పాత్ర తీసుకుని, తామేం చేస్తారో చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది ఎప్పుడూ మెకానిక్కే. ఆటలో అతని భార్య వైద్యురాలు, పక్క వాటాలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు కత్తి వీరుడు. ఆవిడ తమ్ముడు లారీ డ్రైవరు. ఊళ్ళో ఉన్న వారాల్లో వచ్చి, ఆటలో దారి చూపే వేటగాడయ్యేవాడు.

మెకానిక్ కట్టే పాడుబడ్డ కోటలకు తిరుగులేదు. ఏ తలుపు వెనక గొయ్యి ఉందో, ఏ రాయి తొక్కితే పైకప్పు కూలుతుందో తెలియక మాస్టారంతటివాడు తల పట్టుకునేవారు. మధ్యలో అడవి వస్తే మాత్రం, "చాలా రోజులు నడిచారు. తోడేళ్ళొచ్చాయి, పాచిక వెయ్యండి. పడుకున్నారు, గాయాలు మానాయి. కోట వచ్చింది" అని తేల్చేసేవాడు. అడవంటే అతనికి, ఒక లిఫ్టు నుంచి ఇంకో లిఫ్టుకి స్కూటరు మీద పోవడం లాంటిది.

ఒక వారం జలుబు చేసి అతని గొంతు పూర్తిగా పోయింది.

"ఈసారికి నేను చెప్తాలే బావా. నువ్వు పడుకో" అన్నాడు బావమరిది.

వీడేం చెబుతాడులే అనుకుంటూ మెకానిక్ లోపలి గదిలో మంచమెక్కాడు. తలుపు ఓరగా తెరిచే ఉంది. బావమరిది కథ మొదలుపెట్టాడు.

"చీకటి పడేలోగా రెండు చోట్లకి చేరగలం. ఏటి ఒడ్డున నీళ్ళున్నాయి, కానీ జంతువులూ అక్కడికే వస్తాయి. గుట్ట మీదయితే గాలికి మంట నిలవదు. ఎక్కడ ఆగుదాం?"

మాస్టారు గుట్టన్నారు, ఆవిడ ఏరంది. కాసేపు వాదించుకుని ఏటి ఒడ్డున ఆగారు.

"మాస్టారూ, మొదటి కాపలా మీ వీరుడిది. అందరూ నిద్రపోయారు. మంట ముందు ఒక్కడే ఉన్నాడు. ఎవరు గుర్తొస్తున్నారు వాడికి?"

బావమరిది తొందరపెట్టలేదు, పాచిక వెయ్యమనీ అనలేదు. కాసేపటికి మాస్టారు, తన వీరుడికి ఏళ్ళుగా మాటలు లేని ఒక అన్న ఉన్నాడంటూ మెల్లగా మొదలుపెట్టారు. చెబుతుంటే ఆయన గొంతు వణికింది. తన కోటల్లో ఏ గొంతూ అలా వణకలేదని మెకానిక్‌కి తోచింది. దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. అయినా వినిపిస్తూనే ఉంది.

ఆ వారమంతా అతను లోలోపల ఉడుకుతూనే ఉన్నాడు. "మా తమ్ముడు భలే చెప్పాడే" అని భార్య ఫోనులో ఎవరితోనో అంటోంది. మెట్ల మీద ఎదురైన మాస్టారు గొంతెలా ఉందని అడగకుండా, "వచ్చే ఆదివారం మీ బావమరిది ఊళ్ళో ఉంటాడా?" అన్నారు.

గొంతు తిరిగొచ్చిన ఆదివారం మెకానిక్ అడవిని ఎంతకీ తెమలనివ్వలేదు. వాళ్ళు పడుకోబోతే వాన, మళ్ళీ నడుం వాలిస్తే దొంగలు, ఆ తర్వాత పాములు. దెబ్బలన్నీ వేటగాడికే తగిలాయి. రాత్రంతా నిద్రపోతే తప్ప వైద్యురాలి శక్తి తిరిగి రాదు, ఆ నిద్ర దొరకడం లేదు. ఇంకోసారి పాచిక వెయ్యమంటే మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఏవండీ, ఆ అడవికి మా తమ్ముడంటే అంత కోపమేంటి?" అంది భార్య.

ఎవరూ నవ్వలేదు. బావమరిది పాచికలు పోగుచేసి బల్ల మధ్యలో పెట్టి, పొద్దున్నే లోడు ఉందంటూ లేచాడు. తర్వాతి ఆదివారం ఊళ్ళోనే ఉండి కూడా రాలేదు.

ఆ సాయంత్రం మెకానిక్ లారీల స్టాండుకు వెళ్ళాడు. బావమరిది టైర్లలో గాలి చూసుకుంటున్నాడు.

"అదెలా చెప్పావురా, ఆ అడవి?"

"నేనేం చెప్పాను బావా? వాళ్ళే చెప్పుకున్నారు. నేను ఆగాను, అంతే."

ఇంత తేలిగ్గా అనేసరికి మెకానిక్‌కి ఇంకా కడుపు మండింది. తనకు చేతకానిది వీడు చేసేశాడు, అది గొప్పని కూడా వీడికి తెలియదు. అటూ ఇటూ చూసి, చివరికి నోరు పెగల్చుకున్నాడు. "కోటలు నేను చెప్తాను. దారి నువ్వు చెప్పు. దారిలో నేనూ మీతో నడుస్తా."

"నిజంగానా?"

"రమ్మంటుంటే."

ఆ పై ఆదివారం మెకానిక్ మొదటిసారి బల్లకి ఆటగాళ్ళ వైపు కూర్చున్నాడు. ఒక ముసలి కూలివాడి పాత్ర తీసుకున్నాడు.

"బావా, కాపలా నీదే. ఏం చేస్తున్నావు?"

అతను పాచిక అందుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. "తడిసిన కట్టెలున్నాయి కదా. వాటిని మంట దగ్గర పేర్చి ఆరబెడుతున్నా. పొద్దున్నకి పనికొస్తాయి" అన్నాడు.

మాస్టారు బాగుందన్నట్టు తల ఊపారు. మెకానిక్‌కి చిన్నపిల్లాడిలా సంబరమేసింది. ఆ వెంటనే తమ్ముడన్న మాటకు భార్య పగలబడి నవ్వింది. అతని గుండెలో మళ్ళీ చిన్న ముల్లు కదిలింది. దాన్ని పట్టించుకోకుండా ఇంకో కట్టె తిరగేశానని చెప్పాడు.