వంతు నాది, వెళ్ళింది యోబు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళ ముందు నోరు తెరిచే ధైర్యమే ఉంటే ఈ బరువు ఇన్నేళ్ళు నా వీపు మీద ఉండేది కాదు. యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పుడు రేకుపెట్టెతో పాటు దీన్నీ తెచ్చుకున్నాను. పెట్టె తుప్పు పట్టి ఎప్పుడో పోయింది. ఇది పోలేదు. ఒంట్లో సత్తువ తగ్గేకొద్దీ మోసేది కూడా తేలికవుతుందేమో అనుకున్నాను. కాలేదు. ఇప్పుడు నాకున్నది అలసట. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేని అలసట. నన్నెరిగినవాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. ఎందుకంటే కోపమే నా వృత్తి.

అవును, వృత్తే. నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన పేపర్లలో, పటాలంలో ఉండగా కొనుక్కున్న నిఘంటువులో. ఊరికొచ్చాక నిమ్మతోట వేసుకుని, తీరిక దొరికినప్పుడల్లా జనానికి అర్జీలు రాశాను. మండలాఫీసులో నన్ను చూస్తే కుర్చీ వేసేవాళ్ళు, ప్రేమతో కాదు. ఏ రొయ్యలగుంట కింద ఎవరి పొలం పోయిందో, సర్వే రాయి పీకేయక ముందు ఎక్కడ ఉండేదో, ఎవరి తాత ఎవరికి దారి వదిలాడో నోటికి చెబుతాను. 'ఆయనకు గుర్తుందంటే ఉన్నట్టే' అని ఆఫీసు గుమాస్తాలే అనేవాళ్ళు. ఈ మాట కొంచెం జాగ్రత్తగా చదవండి. నా తప్పు అక్కడే ఉంది.

యోబు మా ఊరివాడు. ఊరివాడు అంటున్నాను గాని వాళ్ళది సముద్రం వైపున్న పాలెం. పాలెమంతా క్రైస్తవులు. మా నాన్నకు కాలవ కింద వరి, వాళ్ళ నాన్న ఆ పొలంలో పనికి వచ్చేవాడు. మేమిద్దరం ఒకే రోజు గూడూరులో రైలెక్కి పటాలంలో చేరాం. అక్కడ వాడు నన్ను ఒరేయ్ అన్నాడు, నేను వాణ్ణి ఒరేయ్ అన్నాను. ఊళ్ళో అడుగుపెట్టగానే వాడికి నేను మళ్ళీ 'అన్నా' అయ్యాను. నేను మాత్రం ఒరే అనే పిలిచాను. దాని గురించి ఎన్నడైనా ఆలోచించానా? లోకంలో ఉన్న అన్యాయాలన్నిటి మీదా అర్జీలు రాసినవాణ్ణి, ఇది కనపడలేదా? కనపడింది. కనపడనట్టున్నాను.

మా వైపు కాలవ నీటికి వంతులుంటాయి. నా వంతు వచ్చిన రోజు నాకు వీలుకాకపోతే పక్క పొలం వాడు పార పట్టుకుని పోయి నీళ్ళు నా పొలంలోకి పారేలా మడవ తిప్పుతాడు. నీళ్ళు వదిలే నీరుకట్టుకు చెప్పేది ఏమీ ఉండదు. పార ఎవడు పట్టినా, వంతు ఎవరిదో నీళ్ళు వాళ్ళవి, పేరూ వాళ్ళదే. ఇంకో రోజు వాడి బదులు నేను పోతాను. చిన్నప్పటి నుంచీ చూసిన ఈ అలవాటునే మేం పటాలానికి పట్టుకుపోయాం. కాపలా, వంట, బరువులు మోసే పని, ఏదైనా సరే హవల్దారుకు చెప్పకుండా వంతులు మార్చుకునేవాళ్ళం. పటాలంలో కాగితం మీద ఎవడి పేరుంటే వాడే అక్కడ ఉండాలి. అది తెలియదని కాదు. మాకు అది తప్పులా అనిపించలేదు.

డెబ్బై ఒకటి యుద్ధంలో మమ్మల్ని పడమటి సరిహద్దుకు పంపారు. మాది టెలిఫోను తీగ లాగే పని. ముందున్న పోస్టుకు పోయే తీగ ఫిరంగి గుండ్లకు తెగితే, ఆ రోజు వంతు ఎవడిదో వాడు పాక్కుంటూ పోయి అతికి రావాలి. ఒక ఉదయం తీగ తెగింది. వంతు నాది.

జ్వరమన్నాను.

జ్వరం లేదు. చెరకుతోటలో గుండ్లు పడుతున్న చప్పుడుకు నా కాళ్ళు లేవలేదు. యోబు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉండి ఉండాలి. "పండుకోరా, నేను పోయి మడవ తిప్పొస్తా" అని నవ్వి, తీగచుట్ట భుజాన వేసుకుని పోయాడు.

తీగ అతికాడు. ముందు పోస్టు నుంచి ఫోను మోగడం నేను చెవులారా విన్నాను. తిరిగొచ్చేటప్పుడు ఒక గుండుముక్క వాడి మోకాలు పగలగొట్టింది.

భయపడినందుకు నన్ను నేను ఎప్పుడో మన్నించుకున్నాను. మీసం సరిగా రాని వయసు. భయం ఎవరికి వేయదు? నేను చెప్పుకోవాలనుకున్నది అది కాదు. ఆ తర్వాతది.

కాగితం మీద ఉన్నది నా పేరు. దెబ్బ తగిలింది యోబుకు. వంతులు మారాయని పైవాళ్ళకు తెలిస్తే మా ఇద్దరితో పాటు హవల్దారు మెడకూ చుట్టుకుంటుంది. అందుకని ఆయన యోబు రేషను తెస్తూ లారీ మీంచి పడ్డాడని రాశాడు. ఆసుపత్రిలో పడుకుని యోబు దానికి సరే అన్నాడు. నాకు శిక్ష పడకూడదని సరే అన్నాడు. కొన్నాళ్ళకు, గుండ్ల మధ్య తీగ అతికినందుకు ప్రశంసాపత్రం, కోటుకు పెట్టుకునే చిన్న ఇత్తడి గుర్తూ వచ్చాయి. నా పేరు మీద. తీసుకున్నాను. వంతు నాది కాబట్టి నీళ్ళూ నావే అనుకున్నానా? నిజంగా అలాగే అనుకున్నాను. మనిషి మనసు ఎంత తొందరగా తనకు కావలసిన న్యాయం వెతుక్కుంటుందో చూడండి.

యోబును పనికి రాడని ఇంటికి పంపేశారు. వాడి సర్వీసు పుస్తకంలో లారీ ప్రమాదమనే ఉంది. యుద్ధంలో గాయపడ్డవాడికి ఇచ్చే పతకం వాడికి రాలేదు. ఊళ్ళో వాణ్ణి లారీ సోల్జరు అన్నారు. టీ అంగడి ముందు కుంటుకుంటూ పోతుంటే "ఏం సోల్జరూ, ఇయ్యాళ ఏ లారీ ఎక్కతుండావు?" అని అరిచేవాళ్ళు. పాలెం వాడు కదా, వాణ్ణి ఏమన్నా చెల్లుతుంది. ఆ అంగడిలో నేనూ కూర్చుని ఉండేవాణ్ణి. నవ్వలేదు. నవ్వలేదని గొప్పగా చెప్పుకోవడానికి ఏముంది? నోరూ తెరవలేదు. ప్రతి జనవరిలో బడి వాళ్ళు నన్ను జెండా ఎగరేయడానికి పిలిచేవాళ్ళు. ఇత్తడి గుర్తు పెట్టుకుని పోయేవాణ్ణి.

చాలా ఏళ్ళు గడిచాయి. హవల్దారు చనిపోయినట్టు తెలిసింది. పాత సైనికుల సర్వీసు పుస్తకాల్లో తప్పులుంటే దిద్దుతారని, రావలసిన పతకాలు అందులో ఎక్కిస్తారని విని యోబు అర్జీ పెట్టుకున్నాడు. ఆ రోజు అక్కడ ఉన్న మనిషి ఎవరైనా సాక్ష్యం రాసిస్తే చూస్తామని రికార్డు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. అక్కడ ఉండి ఇంకా బతికున్నది నేనొక్కణ్ణే.

యోబు నా తోటకు వచ్చాడు. నేను గూడూరు మార్కెట్టుకు పంపాల్సిన కాయలు ఏరుతున్నాను. పక్కన మనుషులెవరూ లేరు. అయినా వాడు ఒరేయ్ అనలేదు.

"అన్నా, ఒక్క మాట రాసియ్యాల నువ్వు."

"ఏంది?"

"నీ పేరు తీసెయ్యమని అడగను. తీగ నువ్వే అతికినావని ఉండనీ. నీతో కూడా నేనుండానని, గుండుముక్క తగిలిందని రాయి. అంతే. లారీ అనే మాట పోతే చాలు నాకు."

నేను కాయలు ఏరుతూనే ఉన్నాను. తల ఎత్తలేదు.

"నాకు గుర్తు లేదురా."

వాడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

"నీకా? మా నాయన ఏ గట్టు మీద కూసోని గంజి తాగినాడో కూడా చెప్తావే, నీకు గుర్తు లేదా?"

"యుద్ధం గోలలో ఎవడు యాడుండాడో ఎవడికి తెలుసు? లేదంటే లేదు."

"సరేలే అన్నా. గుర్తొస్తే చెప్పు" అని లేచాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేవడానికి కొంచెం సేపు పట్టింది. నేను చెయ్యి అందించలేదు.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వాడు నా పరువుకు కూడా దారి వదిలాడు. అబద్ధంలో సగం నాకుంచి, నిజంలో సగమే అడిగాడు. అయినా కాదన్నాను. ఆ రోజుల్లో నేను ఒక పెద్ద గొడవలో ఉన్నాను. ఒక ముసలామె పొలాన్ని ఊరి అధికారి ఒకడు ఇంకొకరి పేరున రాసేస్తే, మండలాఫీసు వరండాలో నిలబడి, తప్పుడు రాత రాసినవాడి చెయ్యి పడిపోవాలని కేకలు పెట్టాను. ఆ నోటితోనే యోబుకు గుర్తు లేదన్నాను. కాగితాలు ఒకసారి కదిలితే నా పేరు దగ్గర ఆగుతాయని భయం. అదొక్కటే అయితే బాగుండేది. పాలెం వాడు వచ్చి నా తోటలో నిలబడి, నా ఇత్తడి ముక్కను నన్నే ఉంచుకొమ్మని దయ తలిచాడన్నది కూడా ఉంది. దాన్ని నేను ఓర్చుకోలేకపోయాను. ఇది రాయడానికి చాలా సేపు పట్టింది నాకు.

మా ఇద్దరి మధ్యా ఆ మాట మళ్ళీ రాలేదు. నా సాక్ష్యం లేక వాడి అర్జీ మూలపడింది. పోయిన వానాకాలంలో యోబు చనిపోయాడు.

సమాధి దగ్గర పాస్టరు గారు వాడి జీవిత చరిత్ర చదివారు. వాళ్ళలో అది ఆనవాయితీ. పుట్టుక, బాప్తిస్మం, పటాలం. "దేశసేవలో ఉండగా లారీ ప్రమాదంలో కాలు దెబ్బతిని" అని చదివారు. వెనకెవరో సన్నగా దగ్గారు. దగ్గా, నవ్వా? తోటి సైనికుడినని నన్ను ముందు వరసలో నిలబెట్టారు. కోటు వేసుకునే పోయాను. ఇత్తడి గుర్తు ఉంది. యోబు భార్య సువార్తమ్మ నా వైపు చూసింది. చెబుతానేమో అని చూసిందా? మట్టి వేసి వచ్చేశాను. అప్పుడు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత తిండి సయించలేదు. సాక్ష్యం రాశాను. గూడూరులో నోటరీ చేయించాను. తీగ అతికింది యోబేనని, గాయపడింది గుండుముక్కకేనని, ప్రశంస నాకు చెందదని రాశాను. 'అస్వస్థత కారణంగా నేను వెళ్ళలేకపోతిని' అని కూడా రాశాను. మంచి మాట. నిఘంటువులో ఏరుకున్న మాట.

మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసులో గుమాస్తా దాన్ని చదివి, "ఇంత పాత సంగతి, ఈ వయసులో మీ గుర్తు ఎంతవరకు నమ్మొచ్చు పెద్దాయనా? జ్ఞాపకశక్తి బాగుందని డాక్టరు సర్టిఫికెట్ కావాల. ఆయన భార్య సంతకం కూడా" అన్నాడు. నాకు మండింది. టేబులు మీద చరిచాను. వాళ్ళ ఆఫీసు పాత అధికారుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పాను. సగంలో ఆపేశాను. నాకు గుర్తు లేదని యోబుకు చెప్పింది ఎవరు? నోరు మూసుకుని డాక్టరు దగ్గరికి పోయి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

సంతకం కోసం పాలెం పోయాను. సువార్తమ్మ అరుగు మీద చాప వేసింది. కాగితం మొత్తం చదివి వినిపించాను. ఆమె కదలకుండా విన్నది.

"ఇదంతా నాకు తెలుసు" అన్నది. "ఆయన చెప్పినాడు. నీకు జెరమొచ్చిందని, అందుకని తను పోయినానని. సచ్చేదాకా జెరమనే చెప్పినాడు."

నేను తల వంచుకున్నాను.

"అన్నా, ఆ పొద్దు నీకు నిజంగా జెరమేనా?"

ఇంత బతుకులో నన్ను ఎవ్వరూ అడగని ప్రశ్న అది. అడగవలసినవాడు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి కూడా అడగలేదు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కాగితం నా వైపు తోసింది.

"అయితే అది కూడా రాయి."

'అస్వస్థత కారణంగా' కొట్టేశాను. పైన 'భయపడి' అని రాశాను. కొట్టివేత పక్కన సంతకం చేశాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ ఒక్క మాటను కూడబలుక్కుని చదివింది. చదివాకే తన సంతకం పెట్టింది. పోయిరా అనలేదు. నేనే లేచి వచ్చాను.

గుమాస్తా ఆ కొట్టివేత చూసి మొహం చిట్లించాడు. "మాట మార్చినారు కదా, మళ్ళా నోటరీ చేయించాల. ఎట్టాగూ చేయించేటప్పుడు ఆ ముందు మాటే ఉంచి శుభ్రంగా రాసుకోండి. ఈ మాట ఉంటే మీకున్న ప్రశంసాపత్రం కూడా లాగేసుకుంటారు. ఎందుకు మీకిది?" అన్నాడు. నా మేలు కోరే చెప్పాడు పాపం.

"ఈ మాటతోనే చేయించుకొస్తా నాయనా" అన్నాను.

చేయించుకొచ్చాను. ముద్ర కొట్టి తీసుకున్నాడు. జవాబు వస్తుందో రాదో, వచ్చేనాటికి నేనుంటానో లేదో తెలియదు. పతకం వచ్చినా సువార్తమ్మ నన్ను మన్నిస్తుందని అనుకోను. మన్నించమని అడగడానికి నాకు మొహం లేదు. బయటికి వచ్చి గూడూరు బస్టాండులో బల్ల మీద కూర్చున్నాను. మనసు తేలికపడిందని చెప్పను. ఆకలి మాత్రం వేసింది. ఇడ్లీ తెప్పించుకుని, చాలా నెలల తర్వాత, పెట్టినవన్నీ తిన్నాను.