ఎదురింటి మెట్టు మీది గుమ్మడికాయ

హాలోవీన్ మర్నాడు వాకిట్లో మిగిలిన గుమ్మడికాయ ఎవరిదన్నది నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అమెరికాలో, చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాను. నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. కాలేజీ రోజుల నుంచి ఒక్కరోజు కూడా మానకుండా డైరీ రాస్తున్నాను. ఆ డైరీలన్నీ తిరగేసినా ఈ ప్రశ్నకు జవాబు ఒక్క పేజీలోనూ దొరకలేదు. మొన్నటి హాలోవీన్ దాకా దాని అవసరమూ రాలేదు.

ఏటా ఆ పండగ వెళ్లగానే మా వీధిలో మంచి మంచి కాయలు చెత్తబండి ఎక్కుతాయి. అది చూసినప్పుడల్లా నా భార్య నొచ్చుకునేది. "తినే వస్తువండీ. ముఖం చెక్కి, నాలుగు రోజులు దీపం పెట్టి పారేస్తారా?" అనేది. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి ఈ పని ఒక పద్ధతిగా చేద్దామనుకున్నాను. మా వీధివాళ్ల ఫోన్ గ్రూపులో ఒక మాట పెట్టాను: గుమ్మడికాయలు వద్దనుకున్నవాళ్లు డ్రైవ్‌వే చివర ఉంచితే నేను తీసుకుపోతాను. చాలామంది బొటనవేలి బొమ్మ పంపారు. చెక్కనివి వంటకి, చెక్కినా గట్టిగా ఉన్నవి ఉడతలకీ పిట్టలకీ, బూజు పట్టినవి ఎరువుకి అని డైరీలో రాసుకున్నాను. గింజలు ఏ కాయవైనా వేయించుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే తోట పనికి వాడే చక్రాల బండి తోసుకుంటూ బయలుదేరాను. మూడిళ్ల అవతల ఉండే తెలంగాణ అమ్మాయి ఆఫీసుకి వెళ్తూ కారు ఆపి అద్దం దించింది.

"అంకుల్, ఇవన్నీ ఏం జేస్తరు? షాప్ పెడ్తున్నరా?"

"వండుతాం. మిగిలినవి ఎరువు చేస్తాం."

"చెక్కినవైతే సాటర్‌డే పార్క్ దగ్గర కలెక్ట్ చేస్తరు అంకుల్, కంపోస్ట్ కోసం. పైనుంచి పడేసి స్మాష్ చేయనిస్తరు. పిల్లలకి మస్తు ఎంజాయ్."

"కాయని పగలగొట్టడం సరదానా?"

"మనం దిష్టికి కొడ్తలేమా? అట్లనే అనుకోండి." నవ్వి వెళ్లిపోయింది.

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. గుమ్మం ముందు, కోరలు పెట్టిన ముఖంతో, దయ్యాలు రాకుండా కూర్చోబెట్టిన కాయ దిష్టికాయే కదా. దిష్టికాయని ఎవరూ తినరు. పని అయిపోయాక గుమ్మం దగ్గర ఉంచనూ కూడదు. మరి ముఖం చెక్కకుండా గుమ్మం దగ్గర ఊరికే కూర్చున్న కాయ సంగతేమిటి? అది దిష్టి తీసుకున్నట్టా, కానట్టా? బండి ఆపుకుని చాలాసేపు ఆలోచించాను. ఏమీ తేలలేదు. ఇంటికి ఫోన్ చేసి నా భార్యని అడిగాను.

"కళ్లు లేని కాయకి దిష్టేమిటండీ," అంది. "తెచ్చెయ్యండి."

ఎదురింటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి నేను ఈ ఆలోచనలోనే ఉన్నాను. ఆ ఇంట్లో ఉండే అమెరికన్ పెద్దావిడ భర్త ఆ ఏడు జూలైలో పోయాడు. అడుగు మెట్టు మీద ఒకే ఒక్క కాయ ఉంది. నారింజ రంగుది కాదు. బూడిద పట్టినట్టున్న ఆకుపచ్చ రంగు, బల్లపరుపుగా, లోతైన చారలతో, అచ్చం మన సంతలో దొరికే కాయలా ఉంది. చెక్కలేదు. డ్రైవ్‌వే చివర లేదన్నది నేను గమనించాను. పెద్దావిడ, అంత బరువు అక్కడిదాకా మోయలేకపోయి ఉంటుంది, పైగా పండగ వెళ్లాక గుమ్మం దగ్గర ఉంచడం మంచిది కాదు, మనమే సాయం చేద్దాం అనుకుని బండిలోకి ఎత్తాను.

మా ఇంట్లో నిండు గుమ్మడికాయకి మొదటి గాటు మగవాడే పెట్టాలి. పెళ్లయినప్పటి నుంచీ ఆ పని నాదే. నా భార్య కాయని కడిగి, పసుపు రాసి, పెద్దకత్తి నా చేతికిచ్చి వెనక్కి జరిగింది.

"ఎవరింటిదిది?"

"ఎదురింటావిడది."

"ఇస్తానన్నదా?"

"గ్రూపులో అందరూ సరేనన్నారుగా."

"ఆవిడ గ్రూపులో ఉందా?"

కత్తి దించాను. లోపల కండ ముదురు పసుపు రంగులో, వేలెడు మందాన ఉంది.

మిగతా కాయలతో పులుసు పెడితే నీళ్లనీళ్లగా, పీచుపీచుగా వచ్చింది. చెక్కడానికి పెంచే కాయల్లో రుచి ఉండదని అప్పుడు తెలిసింది. ఈ కాయతో మాత్రం కార్తీకమాసం కదా అని ఉల్లిపాయ లేకుండా, బెల్లం కాస్త ఎక్కువ వేసి దప్పళం పెట్టింది. ఇద్దరం తిన్నాం. మళ్లీ అన్నం పెట్టుకుని తిన్నాం. పావు ముక్క తెలంగాణ అమ్మాయి ఇంటికి పంపాం. ఇంకో పావు ఫ్రిజ్‌లో పెట్టాం.

మర్నాడు మధ్యాహ్నం ఎదురింటావిడ వచ్చి తలుపు తట్టింది. తన భర్త కోటు వేసుకుని ఉంది. చేతులు అందులో మునిగిపోయాయి.

"నా గుమ్మడికాయ కనబడటం లేదు," అంది. "బూడిదరంగుది. రాత్రిపూట తిరిగే ఆ రకూన్లు ఈడ్చుకుపోయి ఉంటాయి. మీ పెరట్లో ముక్కలేమైనా పడ్డాయేమో ఒకసారి చూస్తారా?"

తలుపు ఇంకాస్త తెరిచాను. ఆవిడే చెప్పుకుపోయింది. మే నెలలో ఆయన పెట్టిన పాదట. ఒక్క కాయే నిలిచిందట. ఏటా నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ ముందు ఆయనే కోసి, పై ఏటికి గింజలు తీసి దాచేవాడట. ముప్పై ఏళ్లుగా ఒకే గింజ నడుస్తోందట. ఉన్నవన్నీ ఈ మేలో నాటేశాడు కాబట్టి పాతవేమీ మిగల్లేదట. "కాయ పోతే పోయింది. ముక్కల్లో గింజలు దొరికినా చాలు," అంది.

"చూస్తాను," అన్నాను.

ఆవిడ వెళ్లాక పెరట్లోకి వెళ్లి నిజంగానే వెతికాను. కంచె వెంబడి, చెత్తడబ్బా వెనక, పొదల కింద వెతికాను. ఎందుకు వెతికానో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

లోపలికి వచ్చేసరికి నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"చెప్పారా?"

"లేదు."

"మరి ఇంతసేపూ ఏం చేశారు?"

"వెతికాను."

"గిన్నెలో ఉన్నదాన్ని పెరట్లో వెతికారా?" అంది. కిటికీ వైపు చూసి, "గింజలున్నాయండీ," అంది.

ఉన్నాయి. కిటికీ దగ్గర పెద్ద పళ్లెంలో ఎండుతున్నాయి. కానీ అయిదు కాయల గింజలూ కలిపే కడిగింది. కలిపే ఆరబోసింది. వేయించుకుని తినే గింజల్ని వేరువేరుగా ఎవరు ఆరబోస్తారు?

భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాను. కొన్ని లావుగా, తెల్లగా, నున్నగా ఉన్నాయి. కొన్ని పల్చగా, చుట్టూ గీత గీసినట్టు అంచుతో ఉన్నాయి. లావువి ఆ కాయవే అని మొదట ధైర్యంగా వేరుచేశాను. తర్వాత లావుగా ఉండి అంచున్నవి వచ్చాయి. పల్చగా ఉండి అంచులేనివి వచ్చాయి. మొదటి కుప్పలో వేసినవి మళ్లీ చూస్తే వాటికీ అంచున్నట్టు అనిపించింది. ఏ కాయ ఎప్పుడు కోశానో డైరీలో ఉంది గానీ, గింజ ఎలా ఉందో రాసుకోలేదు.

"ఇన్నేళ్లు నీళ్లలో ఏముందో చెప్పినవారు, గింజ తేల్చలేరా?" అంది నా భార్య.

"నీళ్లకి కొలతలుండేవి," అన్నాను.

చీకటి పడేవేళకి మూడు కవర్లు తయారయ్యాయి. ఒకదాని మీద 'ఇవే' అని, రెండోదాని మీద 'కావచ్చు' అని, మూడోదాని మీద 'తెలియదు' అని ఇంగ్లీషులో రాశాను. మూడోదే అన్నిటికన్నా లావుగా ఉంది. ఆ రోజు డైరీలో తేదీ వేసి, 'కాయ నేనే కోశాను' అని ఒక్క ముక్కే రాయగలిగాను.

తెల్లవారాక కవర్లూ, ఫ్రిజ్‌లో ఉన్న పావు ముక్కా పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. తలుపు తీసిన వెంటనే చెప్పేశాను. ఆలస్యం చేస్తే మళ్లీ ఏదో వెతకడానికి వెళ్తానని భయం వేసింది.

ఆవిడ ముక్కని చేతిలోకి తీసుకుంది.

"తిన్నారా?" అంది.

"తిన్నాం."

"ఎలా ఉంది?"

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఈ ప్రశ్నకు మాత్రం సిద్ధంగా లేను. "చాలా బాగుంది," అన్నాను. అన్నాక, అనకూడనిది అదే కదా అనిపించింది. ఆవిడ గొంతులో ఏదో చప్పుడైంది. నవ్వో, దగ్గో, మరొకటో తెలియలేదు.

"మెట్టు మీద ఉన్నదాన్ని ఎందుకు తీసుకెళ్లారు?"

దిష్టి గురించి, పండగ వెళ్లాక గుమ్మం దగ్గర ఉంచకపోవడం గురించి చెప్పాను. చెబుతుంటే నాకే తలాతోకా లేకుండా వినిపించింది. ఆవిడ ఓపికగా విన్నది.

"బరువుగా ఉంటే అక్కడ దించాను," అంది. "అంతే."

కవర్లు అందుకుని ఒక్కొక్కటే చదివింది. మూడోదాని దగ్గర ఆగి, "ఇవి ఏమిటి?" అంది.

"అవునో కాదో నాకు తేలనివి."

ఆ కవరు తెరిచి, సగం గింజలు గుప్పిట్లోకి తీసుకుని కోటు జేబులో వేసుకుంది. మిగతా సగం కవరుతో నాకు తిరిగిచ్చింది. "మీకు ఎండ బాగా వస్తుంది. మేలో పెట్టండి," అంది. క్షమించిందో లేదో అడగలేదు. ఎలా అడగాలో తెలియలేదు. మెట్లు దిగుతూ వెనక్కి చూస్తే ముక్కని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని ఉంది.

మే నెలలో పెట్టాను. ఎనిమిది మొలిచాయి. ఒక్కొక్కదాని పక్కన అంకె వేసిన పుల్ల గుచ్చాను. ఆకులు వచ్చాయి, తీగలు ఒకదాని మీద ఒకటి పాకాయి, ఏ తీగ ఏ పుల్లదో పోల్చుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఎదురింటావిడ తన పాదుకి నీళ్లు పోసుకుని, వారానికి రెండుసార్లు మా పెరట్లోకి వస్తుంది. నా భార్య ఇచ్చిన టీ తాగుతుంది. దప్పళం ఎలా చేస్తారో అడిగి కాగితం మీద రాసుకుంది.

పోయిన సోమవారం నిమ్మకాయంత పిందెలు కనబడ్డాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని వంగి, మూడో పుల్ల దగ్గరి పిందె మీద వేలు పెట్టి, "ఇదే," అంది. గురువారం మళ్లీ వచ్చి ఆరో పుల్ల దగ్గర వంగింది. "కాదు, ఇదే," అంది.

రెండూ డైరీలో రాసుకున్నాను. వాటికింద, ఏ కాయకైనా కత్తి పెట్టే ముందు ఆవిడని అడగాలని రాశాను.