జానీకి పబ్లిష్ పర్మిషన్

దయ్యాల వార్త పంపిన విలేకరులను డెస్క్‌లో కూర్చుని ఎగతాళి చేసినవాణ్ని నేను. ముప్పై ఏళ్లు పేపర్లో పనిచేశాక కూడా అలాంటివి నమ్మలేదు. ఇది మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రిటైరయ్యాక జనగామలో ఒక చిన్న వార్తల వెబ్‌సైట్‌కు ఇన్‌చార్జిగా చేరాను. మహబూబాబాద్, భూపాలపల్లి దాకా మాకు విలేకరులున్నారు. వాళ్లకు రాసి పంపే పర్మిషన్ మాత్రమే ఇచ్చాను. పబ్లిష్ చేసేది నా లాగిన్ ఒక్కటే. విలేకరి రాయాలి, డెస్క్ వేయాలి. పేపర్ కాలం నాటి అలవాటు.

గూడూరు విలేకరి జానీ, తను రోజూ తిరిగే దారిలో రెయిలింగ్ లేని కల్వర్టు గురించి వార్త పంపాడు. దాన్ని కట్టిన కాంట్రాక్టర్ మా ఓనర్‌కు దగ్గరి మనిషి. ఓనర్ ఆపమన్నాడు, ఆపాను. జానీ రోజూ ఫోన్ చేసేవాడు.

“అన్నా, బువ్వ వండుమంటవు, వడ్డిద్దామంటే గంటె దాచిపెడ్తవు. గా పబ్లిష్ పర్మిషన్ నాకియ్యరాదే!”

“జర ఆగు జానీ.”

పదకొండో రోజు ఆ కల్వర్టు మీది నుంచే బైక్‌తో సహా పడి చనిపోయాడు. అతని ఫోన్ కూడా అక్కడే నుజ్జయింది.

మరునాడు ఆఫీసుకు తాళం వేసి, పనిచేసే నలుగురమూ గూడూరు వెళ్లాం. తాళంచెవి నా జేబులోనే ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు ఖబరస్తాన్‌లో అందరిలాగే మూడు పిడికిళ్ల మట్టి వేశాను. చేతులు కడుక్కుంటుంటే ఓనర్ ఫోన్.

“ఏంది సార్ గిది? మయ్యత్‌కు వోయి వార్తలేస్తున్నరా? గా కల్వర్టు ముచ్చట సైట్ల ఎట్లొచ్చింది?”

సాయంత్రం తిరిగొచ్చి నేనే తాళం తీశాను. కంప్యూటర్ ఆపే ఉంది. ఎవరు ఏం మార్చారో సైట్ తనంతట తానే రాసుకునే చిట్టా తెరిచాను. రెండు ముప్పైకి ఆఫీసు కంప్యూటర్ నుంచి, నా లాగిన్‌తో, జానీకి పబ్లిష్ పర్మిషన్. రెండు ముప్పై ఒకటికి అదే కంప్యూటర్ నుంచి, జానీ లాగిన్‌తో, వార్త.

నా పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు. బయటివాళ్లెవరూ చొరబడలేదని సైట్ తయారు చేసినవాళ్లు పరిశీలించి చెప్పారు.

ఓనర్ మళ్లీ ఫోన్ చేశాడు. “వార్త తీసెయ్యుండ్రి. వానికిచ్చిన పర్మిషన్ గూడ తీసెయ్యుండ్రి.”

తీసేశాను. అర నిమిషం పట్టింది.

ఆ చిట్టాలో ఇవ్వడమూ నా పేరు మీదే ఉంది, తీసేయడమూ నా పేరు మీదే ఉంది. తీసేసింది నేనే. ఇచ్చింది ఎవరో ఇప్పటికీ చెప్పలేను.