దూది దగ్గు

రేపల్లెలో మా ఆఫీసుకు ఒక వేసవిలో రెండు కట్టల కాగితాలు వచ్చాయి. లేత ఆకుపచ్చ కాగితం మీద పైనుంచి కింది దాకా ఉర్దూ. క్షయ వ్యాధి గురించి ముస్లింల వాడల్లో పంచమని ఉత్తర్వు. నేను అక్కడ హెల్త్ ఇన్‌స్పెక్టరుని. అరవైల చివర్లో తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. సంసారం మా సొంతూరు బాపట్లలోనే ఉండేది. శనివారం సాయంత్రం రైలెక్కి, తెనాలిలో బండి మారి ఇంటికి చేరేవాణ్ణి. సోమవారం పొద్దున్నే మళ్ళీ రేపల్లె.

మా డాక్టరుగారు వయసులో నాకంటే చిన్నవాడు. పని మీద శ్రద్ధ ఉన్నవాడు. కట్టలు నా బల్ల మీదకి తోశాడు.

"మీ వైపు దూదేకే వాళ్ళ వీధి ఉందిగా, అక్కడ పంచేయండి."

"వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే సార్. మసీదులో నమాజు చేయించే పెద్దాయన తప్పితే ఉర్దూ చదివేవాళ్ళు ఆ వీధిలో లేరు."

"ముస్లింలకి ఉర్దూలో అన్నారు. వాళ్ళు ముస్లింలా కాదా?"

"ముస్లింలేనండి."

"మరింకేం?"

ఆ వీధిలో ఉండేది నూర్‌బాషాలు. మగవాళ్ళు పొద్దున్నే మనిషంత విల్లు భుజాన వేసుకుని ఊళ్ళమీద పడేవారు. పిలిచినవారి అరుగు మీద పాత పరుపు విప్పి, గడ్డకట్టిన బూరుగు దూదిని వింటినారికి ఆనించి, కర్ర సుత్తితో నారిని మీటుతూ ఏకేవారు. గంట గడిచేసరికి మనిషి జుట్టు, కనుబొమలు, మీసాలు అన్నీ తెల్లబడేవి. ఆ వీధిలో దగ్గని ఇల్లు లేదు. అడిగితే, "ఇది దూది దగ్గండి, మా నాయనకీ ఉండేది" అనేవారు. ఆ మాట చాలావరకు నిజమే. అయితే ఆ దగ్గు చాటున వేరే దగ్గు దాక్కుంటే పట్టుకునేది ఎట్లా అన్నదే నా బెంగ.

కాగితాలు పంచాను. అందరూ రెండు చేతులతో తీసుకున్నారు. కొందరు కళ్ళకద్దుకున్నారు. సర్కారు కాగితానికి అంత మర్యాద నేను ఎక్కడా చూడలేదు.

పది రోజుల తర్వాత వెళితే చాలా గుమ్మాల మీద ఆ ఆకుపచ్చ కాగితం అతికించి ఉంది. వీధి మధ్యలో ఒక ఇల్లుండేది. ఆ ఇంటాయన నడివయసువాడు, పనిలో మంచి చెయ్యి. పెళ్ళిళ్ళవారు ఆయన కోసం కాచుకుని పరుపులు చేయించుకునేవారు. కొన్నాళ్ళుగా ఆయనకి సాయంత్రమయ్యే సరికి జ్వరం, మనిషి చిక్కిపోవడం. ఆయన భార్య అరుగు మీద తలగడలు కుడుతోంది. గుమ్మం మీది కాగితం సగం చిరిగి ఉంది.

"మిగతా సగం ఏదమ్మా?"

"నీళ్ళలో నానబెట్టి ఈయనకి తాగించానండి. మూడు శుక్రవారాలు తాగిస్తే మంచిదంటగా."

ఆ రాత వాళ్ళు చూసింది రెండే చోట్ల: మసీదు గోడ మీద, గూట్లో గుడ్డ చుట్టి పెట్టుకున్న పవిత్ర గ్రంథంలో. జబ్బు చేసినప్పుడు పెద్దలు వాక్యం రాసిచ్చిన కాగితాన్ని నీళ్ళలో కలిపి తాగించడం వాళ్ళకు తాతల నాటి అలవాటు. నేను వెళ్ళి మసీదు పెద్దాయన్ని పిలుచుకొచ్చాను. ఆయన మిగిలిన సగం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, పైకి చెప్పడానికి కాస్త తటపటాయించాడు.

"అమ్మా, ఇందులో దగ్గొస్తే ఆస్పత్రికి పొమ్మని రాశారు. నువ్వేమో ఆస్పత్రిని కడిగి తాగించావు."

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అల్లా మాట కానప్పుడు ఆ రాతలో ఎందుకు రాశారంట తాతా? మాకు తెలిసే రాతలో రాస్తే వాళ్ళ చెయ్యి పడిపోద్దా?"

దానికి పెద్దాయన నా వంక చూశాడు. నేను ఆ ఇంటాయన దగ్గు ఎన్నాళ్ళదో అడిగి రాసుకున్నాను.

మూడోనాడు ఆయన్ని తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాను. కళ్ళె పరీక్ష కూడా చేశారు. క్షయే. కొన్నాళ్ళు ఇంజెక్షన్లు, ఆ తర్వాత ఏడాదికి పైగా మాత్రలు వేసుకోవాలన్నారు. దూది దుమ్ములోకి పోవద్దన్నారు. తిరుగు రైల్లో వేమూరు దాటాక ఆయన నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

"సార్, ఈ సంగతి మనిద్దరి మధ్యనే ఉండాలండి."

"నీ భార్యకి చెప్పాలిగా."

"దానికి చెప్తా, మసీదు తాతకి చెప్తా. ఇంక నా తమ్ముడికి కూడా వద్దండి. నేను చేసిన పరుపు మీద జనం పడుకుంటారండి. పిల్లల్ని పడుకోబెడతారు. నాకు ఈ జబ్బని తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనిస్తారా?"

పరుపులో ఈ జబ్బు రాదని, మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో దగ్గుతో అంటించే గుణం కూడా తగ్గిపోతుందని చెప్పాను.

"మీకు తెలుసండి. ఊరికి తెలియదుగా" అన్నాడు.

పనిచేసినంతకాలం ఏ రోజుకారోజు డైరీ రాసుకునే అలవాటు నాకు. ఆనాటి పేజీలో ఆయన మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. మర్నాడు డాక్టరుగారికి ఆకుపచ్చ కాగితాల గతి వివరించి, తెలుగులో అచ్చు వేయించమని పైకి రాయమన్నాను. ఆయన కష్టపడి రాశాడు, గుంటూరు వెళ్ళి అడిగాడు కూడా. తెలుగులో వేయమనడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. మనిషికి తన జబ్బు సంగతి తన భాషలో తెలియాలి. ఊరందరికీ ఒకేసారి తెలిస్తే ఏమవుతుందో మేమెవరమూ ఆలోచించలేదు.

మాఘమాసంలో పెళ్ళిళ్ళ రోజుల్లో ప్రచారం వ్యాను వచ్చింది. తెలుగు కాగితాలు, స్లైడ్లు, మైకు. బజారు మధ్యలో తెర కట్టారు. జనం విరగబడి వచ్చారు. స్లైడ్లు అయ్యాక డాక్టరుగారు మైకు తీసుకుని చక్కటి తెలుగులో అరగంట మాట్లాడాడు. చివర్లో మంచి మనసుతోనే, "ముఖ్యంగా దూది ఏకే సోదరులు అశ్రద్ధ చేయకండి. మీలో ఈ జబ్బు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అందరూ వచ్చి పరీక్ష చేయించుకోండి" అన్నాడు.

దూదేకే వాళ్ళు వెనక వరసలో నిలబడి ఉన్నారు. ముందు వరసల్లో వాళ్ళని పనికి పిలిచే ఇళ్ళవారు కూర్చున్నారు. తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

తెల్లారి ఒక వ్యాపారి ఇంటి నుంచి బండి మీద రెండు పరుపులు, ఆరు తలగడలు మా రోగి ఇంటికి తిరిగొచ్చాయి. బండి వెంట వచ్చినాయన మర్యాదగానే మాట్లాడాడు.

"ఏమనుకోబాక సాయిబూ. నీ మీద మాకేం కోపం లేదు. కొత్త దంపతులు పడుకునే పరుపు, ఆడవాళ్ళు ఒప్పుకోవటం లేదు. దూది కూడా నువ్వే ఉంచుకో."

వారం గడిచేసరికి వీధిలో విళ్ళన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి. నేను డాక్టరుగారి దగ్గరకు పోయి, పరుపుల్లో ఈ జబ్బు రాదని మైకులో చెప్పిద్దామన్నాను. వ్యాను అప్పటికే గుంటూరు వైపు వెళ్ళిపోయింది.

"జబ్బు ఎట్లా వస్తుందో చెప్పే స్లైడ్లే ఇస్తారండి మనకి. ఎట్లా రాదో చెప్పే స్లైడు లేదు" అన్నాడు. ఆయన ముఖం కూడా వాడిపోయి ఉంది.

ఊరందరూ చూడాలని నా పరుపు తెచ్చి బజారు అరుగు మీదనే మా రోగి చేత ఏకించాను. దారినపోయే వాళ్ళు ఆగి చూశారు. "ఇన్‌స్పెక్టరుగారికేం, మందులు ఊరికే వస్తాయి" అన్నాడొకడు. ఆ పరుపు చూసి మరో ఇల్లు పిలిచింది లేదు.

మసీదు ముందు వీధి వాళ్ళు కూర్చుని ఇకనుంచి ఎవరూ ఆస్పత్రి గడప తొక్కకూడదని అనుకున్నారు. తొక్కితే ఊరు అనేది నిజమని ఒప్పుకున్నట్టే గదా. ఆ సాయంత్రం ఎప్పటిలాగే తెనాలి నుంచి తెచ్చిన మాత్రలు సంచీలో పెట్టుకుని అటు పోతే రోగి తమ్ముడు నాకు ఎదురొచ్చాడు. అన్న పక్కింట్లోనే ఉంటాడు, అన్నతో కలిసి పనిచేస్తాడు. నన్ను వదిలేసి, నాకు వినపడేట్టు అన్న మీదికి వెళ్ళాడు.

"ఈ సంచీ సారు వీధి అంతా వదిలేసి నీ గుమ్మంలోనే ఎందుకు ఆగుతాడన్నా? ఏంటి మీ మధ్య సంగతి? మా అందరి నోట్లో మట్టి కొట్టింది నువ్వేనా?"

"ఏంలేదురా. సారుకి తలగడలు కుట్టాలంట."

"ఎన్ని తలగడలు కుట్టించుకుంటాడు? ఆయనకి తలకాయలెన్ని?" అని తమ్ముడు నా వైపు తిరిగి, "మీరు ఇటు రామాకండి సార్" అన్నాడు.

అప్పట్నుంచి నేను వెళ్ళడం మానుకున్నాను. కొన్నాళ్ళకి ఆయన భార్య చేపల బజారులో నన్ను చూసి, బేరం చేస్తున్నట్టుగా గంప ముందు వంగి, తల తిప్పకుండా మాట్లాడింది.

"మాత్రలు మానేశాడండి. మళ్ళీ జొరం వస్తోంది. మింగితే పని పోద్దంటాడు ఆయన. మానితే మనిషి పోతాడంటారు మీరు. రెంటికీ మధ్య నన్నేం చెయ్యమంటారండి?"

ఆ వారం బాపట్లలో క్షయ మందులిచ్చే చోట కనుక్కున్నాను. వచ్చి కళ్ళె ఇచ్చి, చీటీ రాయించుకుంటే నెల మాత్రలు ఇస్తామన్నారు. బాపట్లలో ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. మసీదు పెద్దాయన చేత కబురు పంపాను. ఎట్లా వెళ్ళాలో మా రోగే ఆలోచించుకున్నాడు.

"విల్లు భుజాన ఉంటే దూదేకులాణ్ణి ఎక్కడికని ఎవరడుగుతారండి? పనికి పోతున్నాడనుకుంటారు."

అట్లా నెలకొకసారి, శనివారం పొద్దుటి బండికి ఆయన విల్లు వేసుకుని రేపల్లెలో ఎక్కేవాడు. తెనాలిలో మారి, ఎండ ముదిరేవేళకి బాపట్లలో దిగేవాడు. మొదటి సారి నేను సెలవు పెట్టి తోడుగా వెళ్ళాను. గుమాస్తా ఏ ఊరని అడిగితే రేపల్లె అని నేను చెప్పేలోగా ఆయన "చీరాలండి" అన్నాడు. గుమాస్తా అదే రాసుకున్నాడు. మాత్రలు తీసుకున్నాక ఊళ్ళోకి పోయి ఒకటి రెండు దిండ్లు ఏకి నాలుగు రూపాయలు చేసుకునేవాడు. దుమ్ములోకి పోవద్దన్నారుగా అంటే, "బియ్యానికి దుమ్ము లేకుండా డబ్బులెట్లా వస్తాయో కూడా చెప్పమనండి" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని నేను ఆ మాట రెండోసారి ఎత్తలేదు.

రెండో ఏడు వర్షాలకి కళ్ళె శుభ్రమైంది. మనిషి కండపట్టాడు. రేపల్లెలో కూడా జనం మరిచిపోయి ఒకరిద్దరు పనికి పిలవసాగారు. అప్పుడే ఆయన తమ్ముడికి దగ్గులో నెత్తురు పడుతోందని ఆయన నోటనే విన్నాను. తమ్ముడు ఎవరికీ చూపించుకోనంటున్నాడట. దూది దగ్గే, దూది పీచు తగిలి గొంతు గీసుకుపోయిందని అంటున్నాడట.

"నీకు వచ్చి తగ్గిందని వాడికి చెప్పు. వాడొక్కడికే కాదు, వీధిలో అందరికీ చెప్పు. నిన్ను చూస్తే నమ్ముతారు" అన్నాను.

"మీరు రేపో మాపో బదిలీ అయిపోతారు సార్. నేను ఆ వీధిలో ఉండాలి. తగ్గిందని చెప్పాలంటే ముందు వచ్చిందని చెప్పాలిగా."

ఆ మాటకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన చోట ఉంటే నేను చెప్పగలిగేవాణ్ణో లేదో నాకూ తేలలేదు.

రెండు వారాల తర్వాత నేను సెలవు పెట్టిన ఒక శనివారం, మధ్యాహ్నం భోజనం చేస్తుంటే మా బాపట్ల ఇంటి ముందు అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. పెద్ద ఇంటివారు పరుపులన్నీ విప్పించుకుంటున్నారని, ఇద్దరికీ పనుందని చెప్పి అన్నే తమ్ముణ్ణి రైలెక్కించాడట. మందులిచ్చే చోటికి ముగ్గురం వెళ్ళాం. వరండాలో దగ్గే జనాన్ని చూడగానే తమ్ముడికి అర్థమైంది. విల్లు దించి కింద పెట్టాడు.

"ఇదా నీ పెద్ద ఇల్లు? నన్ను అమ్మటానికి తీసుకొచ్చావా అన్నా?"

అన్న తన తువ్వాలు ముడి విప్పి, అందులోని మాత్రల పొట్లం తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "రెండేళ్ళబట్టి మింగుతున్నా. నీ పక్కింట్లోనే" అన్నాడు. తమ్ముడు పొట్లం వైపు, అన్న వైపు చూశాడు. ఏదో తిట్టబోయి దగ్గు తెర రావడంతో కూలబడ్డాడు. తుండు గుడ్డ ఎర్రనైంది. అన్న అతని వీపు రాస్తూ అట్లాగే కూర్చున్నాడు. దగ్గు తగ్గాక ఇద్దరూ లేచి వరసలో నిలబడ్డారు.

"ఏ ఊరు?" గుమాస్తా అడిగాడు.

తమ్ముడు అన్న వంక చూశాడు. "చీరాలండి" అన్నాడు అన్న.

ఆ నెలాఖరున రేపల్లెలో మా సమావేశం జరిగింది. పై అధికారి వచ్చాడు. ఒక్కో పేట లెక్క చదువుతూ, దూదేకే వాళ్ళ వీధి దగ్గర ఆగాడు.

"ఇక్కడ క్షయ రోగి ఒక్కడు కూడా లేడే. పోయినసారి వ్యాను బాగా పనిచేసిందన్నమాట. అయితే ఈ ఏడు మందులు, మనుషులు వేరే చోటికి ఇద్దాం."

మా డాక్టరుగారు నా వైపు చూశాడు. ఆయనకు ఎంత తెలుసో నాకు తెలియదు. ఆ వీధిలో ఇంకా ఎంతమంది గొంతు గీసుకుపోయిందని చెప్పుకుంటున్నారో మా ఇద్దరికీ తెలియదు. ఉన్న సంగతి చెబితే ఆ వీధికి మందు మిగులుతుంది. అన్నదమ్ములు సాయంత్రానికల్లా ఊళ్ళో బయటపడతారు.

"ఏమైనా చెప్పేదుందా?" అన్నాడు అధికారి.

"ఆ లెక్కని నమ్మకండి సార్. ఆ వీధికి కోత పెట్టకండి" అన్నాను.

"కారణం?"

బల్ల మీద తెరిచి ఉన్న నా డైరీ మూసేశాను. ఆయన పెన్ను తీసి ఆ వీధి మీద గీత గీసి తర్వాతి పేట లెక్కలోకి వెళ్ళాడు.