లోపలి కంప్యూటర్‌ను ఆపింది నేనే

"ఫుకట్ల దొరికిందంటె గిట్లనే ఉంటదే! పైసలు పెట్టి కొన్నదైతె గిట్ల ఆగమైతుండెనా?"

"దాన్ని అనకు బాపూ. నేనే ఏదో తప్పు కమాండ్ కొట్టిన."

"నీతోని కాదని ఎప్పుడో చెప్పిన. సేటు ముంగట నా ఇజ్జత్ తీసినవ్!"

నా కొడుకు, మనవరాలు లావణ్య అలా కొట్లాడుకుంటుంటే నేను చాటలో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. తప్పు వాళ్లిద్దరిదీ కాదు, నాది. రెండేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. నాది నాలుగో తరగతి చదువు. అక్షరాలు వంకరపోయినా, కాగితమా, నీకే చెబుతాను, విను.

అది కరోనా మొదటి ఏడు. మేం బతకడానికి వచ్చిన సూరత్‌లో మగ్గాలు ఆగిపోయాయి. నా కొడుకు మాట మీద రింగ్ రోడ్ బట్టల బజారు సేటు ఒకాయన లావణ్యకు చీర అంచుల డిజైన్లు గీసే పని ఇచ్చాడు. ఇంట్లో అందరం వాడే కంప్యూటర్‌లోనే, మా ఒక్క గదిలో చీర అడ్డం కట్టి వంటిల్లు చేసుకున్నట్టు, ఆమె లోపల పెట్టె లేని ఇంకో కంప్యూటర్ చేసుకుని తన పని అందులో దాచుకుంది. రెండింటినీ నడిపించేది లినక్సే. ఊరికే వస్తుంది, తయారుచేసినవాళ్లు ఐదేళ్లు మరమ్మతులు కూడా పంపుతారు అంటే మొదట మెచ్చుకున్నది నేనే. లోపల వేసినది పాతరకం. దాని ఐదేళ్లు నిండబోతున్నాయి.

"నానమ్మా, లోపల పాతది పోయి కొత్తది ఎక్కుతాంది. గంట పడ్తది. జర ముట్టకు" అని చెప్పి లావణ్య నీళ్ల ట్యాంకర్ దగ్గరికి వెళ్లింది.

తెర నల్లబడింది. మనిషి లేని గదిలో ఏదీ నడవకూడదని నా పట్టుదల. ఫ్యాన్ ఆపినట్టే గోడమీది స్విచ్ ఆపేశాను. తెలియక చేశానా? ఇంతకాలం నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ పెట్టెమీద చిన్న దీపం మినుకుమినుకుమనడం చూశాను. ఆ పిల్ల మాటా గుర్తుంది. కరెంటు దండగ చేయడానికి అదో సాకు అనుకున్నాను. ఆమె అడుగుల చప్పుడు వినగానే మళ్లీ వేశాను. తప్పు కాదనుకుంటే ఎందుకు వేశాను?

లోపలిది మళ్లీ లేవలేదు. నకలు తీసుకోవడానికి డిస్కులో చోటు లేకపోయిందట. నెలల తరబడి గీసినవన్నీ పోయాయి. సేటు పని వేరేవాళ్లకు ఇచ్చాడు. నేను ఒక్క మాట అని ఉంటే ఆ పిల్ల తన చేతుల్ని తానే అనుమానించుకునేది కాదు. ఇంట్లో అందరికీ బుద్ధులు చెప్పే ముసలిదాన్ని, తల వంచి బియ్యంలో రాళ్లే ఏరుకున్నాను. గర్వమా, భయమా? ఇప్పటికీ తేల్చుకోలేను. క్షమించమని అడగను. రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

మిల్లులు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. ఆ గొడవ జరిగిన మరునాడు పొద్దున లావణ్య మాస్కు కట్టుకుని, తండ్రి వెంట పాండేసర మిల్లుల వాడకు, బట్ట మడతపెట్టే పనికి నడిచి వెళ్లింది. రొట్టెల డబ్బా నేనే చేతికిచ్చాను. "పోయొస్త నానమ్మా" అంది.