ఏడున్నర ఓములు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక కొందరు నన్ను కూడా ఆ నమ్మేవాళ్లలో కలిపేస్తారని తెలుసు. కలపకండి. పాతికేళ్లకు పైగా పిల్లలతో ఫిజిక్స్ ప్రయోగాలు చేయించినదాన్ని. కళ్లతో చూసింది మాత్రమే రాస్తున్నాను.

డెబ్బైల్లో నిజామాబాద్‌లో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఇంటర్ ప్రాక్టికల్ పరీక్ష రోజది. పొద్దున పది దాటాక రెంజల్ ఊరి అమ్మాయి సావిత్రి ఆలస్యంగా పరుగున వచ్చింది. బోధన్ రోడ్డు నిండా చెరకు బండ్లు, బస్సు కదల్లేదట. పాసైతేనే పై చదువు, తప్పితే పసుపు చేనుకు రావాల్సిందేనని వాళ్ల బాపు ముందే చెప్పేశాడు. ఆ సంగతి ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

ఆమెకు వచ్చిన ప్రయోగం తేలిక. చిన్న చెక్కపెట్టెలో తీగచుట్ట ఉంటుంది. దానికి బ్యాటరీ కలిపి, ఎన్ని వోల్టులకు ఎన్ని ఆంపియర్ల కరెంటు పోతోందో మీటర్లు చూసి రాయాలి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే తీగ నిరోధం, రెండింటినీ గుణిస్తే అది తీసుకునే వాట్లు. ఆ పెట్టెకు ఐదు ఓములు రావాలి.

బల్లల మధ్య తిరుగుతూ ఆమె వెనక ఆగాను. వోల్ట్‌మీటరు మూడు మీద ఉంది. అమ్మీటరు పాయింట్ ఆరు చూపాలి. పాయింట్ నాలుగు చూపుతోంది. ముల్లు ఇరుక్కుందేమోనని అద్దం మీద వేలితో తట్టాను. కదల్లేదు. సావిత్రి వోల్టులు నాలుగున్నరకు పెంచింది. ముల్లు బుద్ధిగా పాయింట్ ఆరుకు వెళ్లి నిలబడింది. పరీక్షలో పిల్లలతో మాట్లాడకూడదు కాబట్టి నేను ముందుకు నడిచాను.

గంట తర్వాత, వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమె కాగితం పట్టుకుని లేచాడు. ఆరు రీడింగులూ ఏడున్నర ఓములే. ఆయన అవే తీగలతో, అదే పెట్టెతో తనే చేసి చూశాడు. మూడు వోల్టులకు పాయింట్ ఆరు. ఐదు ఓములు.

"పాత రికార్డు ఏదో చూసి దింపేసింది. మాల్ ప్రాక్టీస్ రాస్తున్నాను" అన్నాడు.

సావిత్రి ఏడవలేదు. "నేను కాపీ గొట్టలే సార్. ముల్లు ఏడుంటే గదే రాసిన" అంది.

ఆ ఏడున్నర అనే అంకె వినగానే వెళ్లి ఆ పెట్టెను చేతిలోకి తీసుకున్నాను. అది నాకు తెలిసిన అంకె.

ఆ పరీక్షకు ఆరేళ్ల ముందు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ పెట్టె కొత్తగా వచ్చింది. నేనే కొలిచాను, ఏడున్నర ఓములు. తర్వాత తొందరలో పన్నెండు వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించేశాను. ఒకటి పాయింట్ ఆరు ఆంపియర్లు, అంటే పంతొమ్మిది వాట్లు. రెండు మూడు వాట్లకు మించి తట్టుకోలేని సన్నతీగ అది. పొగ వచ్చి, మాడి తెగిపోయింది. ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. భయపడి, ఎవరికీ చెప్పకుండా బజార్లో మోటార్లు చుట్టే రహీం సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేరే తీగ చుట్టి, "ఐదుకొచ్చింది అమ్మా, నడుస్తదా?" అన్నాడు. నడుస్తుందన్నాను. ఐదు అని చీటీ అంటించాను. అప్పటికి ఒక్క విద్యార్థి కూడా ఆ పెట్టెను ముట్టుకోలేదు.

అంటే సావిత్రి కాపీ కొట్టడానికి ఏడున్నర అనే అంకె ఏ రికార్డులోనూ లేదు. ఆ సంగతి చెప్పగలిగేది నేనొక్కదాన్నే. చెబితే నేను దాచిన తప్పు బయటపడుతుంది. చెప్పాలా వద్దా అని లెక్కేసుకున్నాను, ఒప్పుకుంటున్నాను. తర్వాత చెప్పేశాను.

ఎగ్జామినర్ నవ్వాడు. "అయితే మాడిపోయిన తీగ దయ్యమై వచ్చి రీడింగు ఇచ్చిందంటారా మేడం?"

"నేనేం అంటలేను సార్. ముల్లును నేను గూడ చూసిన. పెట్టె ఇప్పి చూడుండ్రి" అన్నాను.

మరలు విప్పించాడు. రహీం సాబ్ చుట్టిన తీగ కింద చెక్క నల్లగా కాలి ఉంది. అలమరలోని పాత రికార్డులన్నీ తిరగేశాడు. అన్నిట్లోనూ ఐదే. నా చేత రాయించుకుని, సంతకం తీసుకుని, మాల్ ప్రాక్టీస్ మాట కొట్టేసి మార్కులు వేశాడు.

తర్వాత ప్రిన్సిపాల్ పిలిచి సలహా ఇచ్చాడు. అమ్మీటరు చెడిపోయిందని రాసిస్తే గొడవ ఇక్కడితో ఆగిపోతుందన్నాడు. రాయనన్నాను. అమ్మీటరు బాగానే ఉంది, ఎగ్జామినర్‌కూ, ఆ రోజు తర్వాతి బ్యాచ్ పిల్లలకూ సరిగ్గానే చూపింది. మెమో ఇచ్చారు. ఆరేళ్లయినా కాని పర్మినెంట్ ఇంకో రెండేళ్లు వెనక్కిపోయింది. పోతే పోయింది.

తీగ వదులై ఉంటుందని కాలేజీలో కొందరు అన్నారు. నేను సెలవుల్లో కూర్చుని తీగలు బిగించే ఒక్కో మర వదులు చేసి చూశాను. ముల్లు ఎగిరెగిరి పడేది, ఒకచోట నిలిచేది కాదు. ఆరు రీడింగులు వరుసగా ఏడున్నర రావడం మళ్లీ ఎన్నడూ చూడలేదు.

ఫలితాలొచ్చాక సావిత్రి వచ్చింది. పాసైంది. డిగ్రీ ఫారం చేతిలో ఉంది. పోయేముందు గుమ్మం దగ్గర ఆగి అడిగింది: "మేడం, మరి గా లెక్కకు అసలు జవాబేంది? ఐదా, ఏడున్నరనా?"

"సార్‌కు ఐదు కనబడ్డది, నీకు ఏడున్నర కనబడ్డది. రెండూ నిజమే బిడ్డా. ఎట్లనో నాకు తెల్వదు" అన్నాను.

పాఠం చెప్పే మనిషిని, ఒక పిల్లతో తెలియదని అనడం అదే మొదటిసారి. సిగ్గనిపించలేదు.