ఆర్లిస్ టర్నిప్ మడి

ఆర్లిస్ ట్వైట్ కడుపులో మాట దాగదు. విస్కాన్సిన్ కొండదారుల్లో స్కూలు బస్సు నడుపుతుంది కాబట్టి, ఉదయం ఆమెకు తెలిసిన సంగతి మధ్యాహ్నానికల్లా ఊరందరికీ తెలిసిపోతుంది. అక్టోబరులో ఒకరోజు బస్సెక్కిన పిల్లలందరికీ ఆమె చెప్పిన సంగతి ఒక్కటే. "నా మడిలోకి జింకలొచ్చినయ్."

ఈ మడి వెనక పెద్ద కథే ఉంది. పొలం ఆర్లిస్‌ది, ఆమె భర్త గేలెన్‌ది. ఆవుల్ని సాకేదీ వాళ్ళే. అన్నలు ఆరిన్, లైల్ ఏనాడో పట్నం చేరారు. అయినా నవంబరులో వేట మొదలయ్యేసరికి తుపాకులు తగిలించుకుని దిగిపోతారు. ఏ మంచె మీద ఎవరు కూర్చోవాలో పెద్దవాడని ఆరినే చెబుతాడు. మంచి మంచెలు వాళ్ళకి, రాళ్ళగుట్ట మూల ఆర్లిస్‌కి. పొలం తనదే అయినా చెల్లెలు చెల్లెలేనని ఆయన లెక్క. ఆ మూలకి జింక సంగతి అటుంచి, కుందేలు కూడా దారి తప్పితేనే వచ్చేది.

వేట గుడిసె దగ్గర తండ్రి నాటి నుంచీ ఒక పద్ధతి నడుస్తోంది. వాకిట్లో కట్టిన దూలానికి ఎవరు కొట్టిన దుప్పి వేలాడుతుందో వాళ్ళు మంట చుట్టూ కూర్చుంటారు. వేలాడనివాళ్ళు వంట చేస్తారు. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆర్లిస్ అక్కడ వంట చేస్తూనే ఉంది. ఆరిన్ అయితే మంట దగ్గర్నుంచి కదలకుండానే ఉప్పు తగ్గిందనేవాడు. ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ దూలానికి తన దుప్పి వేలాడితే చాలని ఆమె కోరిక.

"జింక నా దగ్గరికి రాకపోతే నేనే దానికి విస్తరేస్తా" అంది జూన్‌లో గేలెన్‌తో.

"ఆ రాళ్ళల్లోనా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు గేలెన్. అంటూనే ట్రాక్టరు తీశాడు.

ఇద్దరూ రాళ్ళేరారు. సున్నం చల్లారు. ఆగస్టు వానకి ముందు ఆర్లిస్ టర్నిప్ దుంప, క్లోవర్ గడ్డి, ఓట్స్ విత్తనాలు కలిపి చల్లింది. మొక్క మోకాలెత్తు లేచింది. మొదట్లో జింకలు ఓట్స్ కొరికి టర్నిప్ ఆకుని వాసన చూసి వదిలేశాయి. ఆర్లిస్‌కి అన్నం సహించలేదు. అక్టోబరు మంచు పడి ఆకు తియ్యగా మారాక మాత్రం పండక్కొచ్చిన చుట్టాల్లా గుంపులు గుంపులుగా దిగాయి. వాటిలో వెడల్పాటి కొమ్ముల దుప్పి ఒకటుంది. దాన్ని చూసిన రోజు ఆమె బస్సు ఎక్కడా ఆలస్యం కాలేదు, ఎందుకంటే ఎక్కడా సరిగ్గా ఆగలేదు.

వేట మొదలయ్యే రోజు తెల్లవారకముందే ఆర్లిస్ తుపాకీ పట్టుకుని బయల్దేరింది. మడి అంచుకి చేరిందో లేదో, చీకట్లో బుస్సుమని ఒక చీదుడు వినిపించింది. ఆ వెంటే బెదిరిన జింకల తెల్లతోకలు పది పైకి లేచి, పరుగున మాయమయ్యాయి. అవన్నీ అప్పటిదాకా మడిలోనే మేస్తున్నాయి. మంచెకి పోవాలంటే మడి మధ్యనుంచే పోవాలి. విత్తనం గురించి, సున్నం గురించి, మంచు గురించి అంతా ఆలోచించిన మనిషి తను ఎటునుంచి నడవాలో ఆలోచించలేదు. ఆమె తెల్లబోయి నిలబడింది. వెలుగు రాగానే, అవి పారిపోయిన వైపే, ఆరిన్ మంచె మీంచి తుపాకీ మోగింది.

వెడల్పాటి కొమ్ములది కాదు కానీ, ఆరిన్‌కి దక్కిందీ మంచి దుప్పే. ఆయన దాని పొట్ట కోసి చూస్తే నిండా టర్నిప్ ఆకే.

"చెల్లీ, నీ వంట దీనికి బాగా నచ్చినట్టుందే" అన్నాడు. "ఉప్పు కూడా సరిపోయిందంట."

లైల్ పడీ పడీ నవ్వాడు. ఆర్లిస్ లోపలికెళ్ళి గిన్నెలు ఎత్తెత్తి పడేసింది. మర్నాడు లైల్‌కీ ఒక దుప్పి దొరికింది. అదీ ఆమె కాలి చప్పుడుకి బెదిరి పరిగెత్తిందే.

వారం గడిచింది. వేట ముగియడానికి ఒక్కరోజు మిగిలింది. ఆ ఉదయం ఆర్లిస్ పాలు పితికే కొట్టం గుమ్మంలో నిలబడి, గేలెన్ పేడ చల్లే బండిని ట్రాక్టరుకి కట్టి మడి పక్కనుంచి తోలుకుపోవడం చూసింది. బండి గడగడలాడుతోంది. జింకలు ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. రోజూ చూసే బండే కదా, వాటికి అది గాలీ వానా లాంటిదే. ఆర్లిస్‌కి దారి దొరికింది. గేలెన్ తిరిగొచ్చేదాకా ఆగలేక ఎదురు పరిగెత్తింది.

"రేపు నన్ను దీన్లో ఎక్కించుకెళ్ళయ్యా."

"పేడబండిలోనా?"

"ఆ. మంచె పక్కన కాస్త నెమ్మదిగా పోనియ్, దిగిపోతా. వెనక తిరుగుతూ పేడ చిమ్మే ఆ పళ్ళు మాత్రం తిప్పబాక. నన్ను పొలమంతా చల్లేస్తావ్."

గేలెన్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఆ సాయంత్రం బండి కడిగాడు. అయినా కంపు పోతుందా.

తెల్లవారుతుండగా వేటగాళ్ళు వేసుకునే నారింజరంగు కోటు తొడుక్కుని, గుళ్ళు నింపని తుపాకీని సంచిలో పెట్టుకుని, ఆర్లిస్ పేడబండి అడుగున కూర్చుంది. ఒళ్ళంతా కుదిపేస్తోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. కంపుకి ముక్కు మూసుకుంది, అయినా నవ్వు ఆగడం లేదు. మంచె దగ్గర జారి దిగింది. ట్రాక్టరు అదే వేగంతో ముందుకి పోయింది. మడిలో తెల్లతోక ఒక్కటి కూడా లేవలేదు.

మంచె ఎక్కి గుళ్ళు నింపింది. వెలుగు వచ్చింది. ఆడజింకల వెనక, ఆకుల్లోకి మూతి దూర్చి, అదిగో వెడల్పాటి కొమ్ములు. తుపాకీ ఎత్తితే ఆడజింక అడ్డొచ్చింది. దించింది, ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ ఎత్తింది. దుప్పి పక్కకి తిరిగి, టర్నిప్ ఆకు నములుతూ తలెత్తింది. ఆర్లిస్ కాల్చింది.

దుప్పి నాలుగడుగులు వేసి మడిలోనే కూలిపోయింది. పొలం చివర గేలెన్ ట్రాక్టరు మీద లేచి నిలబడి టోపీ ఊపాడు. ఆర్లిస్ మంచె దిగి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెడ మీద చెయ్యేసింది. వెచ్చగా ఉంది. సంతోషమూ జాలీ కలిసి ఒక్కసారే పొంగుకొచ్చాయి, ఏది ఎంతో ఆమెకే తెలియలేదు.

చప్పుడు విని అన్నలొచ్చారు. ఆరిన్ కత్తి తీశాడు. "జరుగు, నేను కోస్తా."

"నువ్వే జరుగన్నా. నా మడి, నా దుప్పి."

చేతులు మోచేతులదాకా నెత్తురు చేసుకుని తనే కోసింది. దూలం దగ్గర నలుగురూ తాడు లాగారు. ఆరిన్ కాసేపు ఆ కొమ్ముల్ని చూశాడు. తన దుప్పిని చివరికి జరిపి, నడుమ చోటు చేసి, చెల్లెలి దుప్పిని అక్కడ కట్టాడు. ఆర్లిస్‌కి కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

ఆమె మంట పక్కన కూర్చుంది. పేడ కంపుకి లైల్ కొంచెం దూరం జరిగాడు. గేలెన్‌కి పాలు పితకాల్సిన ఆవులున్నాయి, వెళ్ళిపోయాడు. ముగ్గురూ చలి కాచుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. చివరికి లైల్ అడిగాడు.

"ఆకలేస్తోంది. ఇంతకీ ఇవాళ వంటెవరిది?"

దూలానికి మూడు దుప్పులు వేలాడుతున్నాయి. ముగ్గురివీ ఉన్న రోజు ఎవరు వండాలో తండ్రి చెప్పి పోలేదు, అలాంటి రోజు ఎన్నడూ రాలేదు మరి. ఆర్లిస్ కాళ్ళు మంట వైపు ఇంకాస్త చాపుకుంది. అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆరిన్ లేచి ప్యాంటు దులుపుకుని గుడిసెలోకి వెళ్ళాడు. కాసేపటికి లోపల ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు వినిపించింది.